మైనా తీరం దాటే వేళ

పి.గన్నవరం,
అక్టోబరు 14

అమలాపురం హెడ్డాఫీసు కార్యదర్శి నరసింహమూర్తి గారికి, సూరమ్మ స్మారక పఠన మందిరం, పి.గన్నవరం శాఖ చూసుకునే భవానీదేవి నమస్కరించి రాసేది.

నిన్న ఫోను చేస్తే, తొమ్మిదో నిబంధన ప్రకారం విన్నపం కాయితం మీదే రావాలని చెప్పి పెట్టేసేరు. నిబంధనల పుస్తకం తీసి చూసేను. నిజమే. అందుకని రాస్తున్నాను.

మా ఇల్లు ఏటికి అవతల. అక్కణ్ణించి ఏటి మీది అక్విడెక్టు వంతెన మీదుగా ఎనిమిది కిలోమీటర్లు రోజూ సైకిలు తొక్కుకుంటూ వస్తాను. నలభై నాలుగేళ్ళొచ్చేక ఇదేం సరదా అని అందరూ అడిగేరు. నన్ను నేనూ అడుక్కున్నాను. ఇదివరకు షేరాటోలో వచ్చేదాన్నండి. డ్రైవరు తన సీట్లో సగం నాకిచ్చి, వంతెన ఎక్కేటప్పుడు హారను నన్ను కొట్టమనేవాడు. సగం ఆటో నడిపేదాన్ని పూర్తి సైకిలు నడపలేనా అనిపించింది.

వానలు మొదలయ్యేక వచ్చింది చిక్కు. రెయిన్‌కోటు వేసుకుంటే లోపల చెమటకి తడుస్తాను, వేసుకోకపోతే బయట వానకి తడుస్తాను. ఏ తడి మేలో ఇంకా తేల్చుకోలేదు. అది నా బాధ, నేను పడతాను. ట్రస్టు పడవలసిన బాధ వేరే ఉంది. మందిరం దగ్గర సైకిళ్ళు పెట్టుకోడానికి నీడ లేదు. సీట్లు స్పాంజిలా నీళ్ళు తాగేస్తాయి. తడి సీటు మీద కూర్చుని ట్యుటోరియల్‌కో కొట్టుకో వెళ్ళడానికి ఎవరికి మనసొస్తుంది? అందుకని వాన పడిన రోజు పాఠకులు ఆగకుండా బెల్లు కొట్టుకుంటూ ముందుకి వెళ్ళిపోతున్నారు. నిన్న నలుగురొచ్చేరు. అందులో ఒకాయన నిద్రకి వచ్చేరు.

రోజుకి ఇరవై మంది రాని శాఖని డిసెంబరు ఆఖరుకి మూసేస్తామని తమరే సర్క్యులర్ పంపేరు. పదహారేళ్ళుగా ఈ తలుపులు నేనే తీస్తున్నాను. కాబట్టి విన్నపం ఒక్కటే. ఈ వానల్లో సైకిలును దృష్టిలో పెట్టుకుని మా శాఖకి ఒక షెల్టరు మంజూరు చెయ్యగలరు.

ఇట్లు,
భవానీదేవి

తా.క. ముందు షెడ్డు అని రాద్దామనుకున్నాను. కోళ్ళకి అడిగినట్టుంటుందని షెల్టరు అన్నాను. ఇప్పుడు అదీ ఎక్కువయిందేమో అనిపిస్తోంది.

మరో తా.క. బయట వాన. ఈ ఉత్తరాన్ని మూడు పాలిథిన్ కవర్లలో చుట్టి పోస్టాఫీసుకి తీసుకెళ్తున్నాను. ఒక్క చుక్క పడనివ్వను.


అమలాపురం,
అక్టోబరు 24

పి.గన్నవరం శాఖా నిర్వాహకురాలు శ్రీమతి భవానీదేవి గారికి తెలియజేయడమేమనగా,

తమరి 14వ తేదీ విన్నపం చేరినది. అసలు విషయమున్న వాక్యంలో ఒక మాట మీద నీరు పడి అక్షరాలు కరిగినవి. మొదట ‘సై’, చివర ‘ను’ మాత్రమే మిగిలినవి. మధ్యలోది ఏమిటో అధ్యక్షులు ప్రకాశరావు గారు కళ్ళజోడు మార్చి మరీ గ్రహించినారు. గ్రహించిన మీదట లేచి నిలబడినారు. మన ట్రస్టులో ఇంత ముందుచూపు గల మనిషి ఉన్నట్టు తమకు తెలియదన్నారు. ఫైలు తెరవబడినది. ఈ కింది వివరములు వెంటనే పంపవలెను.

ఒకటి, ఎప్పుడెప్పుడు వచ్చును? రెండు, ఏ దిక్కు నుండి ఏ దిక్కుకు? మూడు, గంటకు వేగమెంత? నాలుగు, తీరం దాటు సమయం? ఐదు, దానికి పేరు పెట్టబడినదా? ఆరు, ఇంతవరకు కలిగించిన నష్టం?

ఇట్లు,
నరసింహమూర్తి, కార్యదర్శి

తా.క. పేరు తప్పనిసరి. పేరు లేనివాటిని అధ్యక్షుల వారు పట్టించుకోరు.


పి.గన్నవరం,
అక్టోబరు 31

పది రోజుల్లో ఫైలు తెరిచిన కార్యదర్శి గారి చేతికి నమస్కారాలు.

ఆ మూడు కవర్లనీ వెలుతురుకి పెట్టి చూసేనండి. చిల్లుల్లేవు. అయినా నీళ్ళు ఎక్కణ్ణించైనా రాగలవు, కోనసీమలో పుట్టి నేను దాన్ని కాదనలేను. మధ్యలోది అధ్యక్షుల వారు గ్రహించేరు కదా, అదే చాలు.

ఇక వివరాలు. ఆదివారం తప్ప రోజూ వస్తుంది. రెండో శనివారం కూడా రాదు. పొద్దున్న పడమర నుంచి తూర్పుకి, సాయంత్రం తూర్పు నుంచి పడమరకి. వేగం గంటకి పది కిలోమీటర్లు, ఎదురుగాలైతే ఆరు. కొబ్బరి మట్ట అడ్డం పడితే పూర్తిగా ఆగిపోతుంది. తీరం దాటే సమయం ఎందుకో తెలియలేదు గానీ, అక్విడెక్టు దిగి ఇవతలి గట్టుకి వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై. పొగమంచు రోజుల్లో ఎనిమిదిన్నర. అప్పుడు పెద్దగా చప్పుడు చేసుకుంటూ దాటుతుంది.

పేరు అడిగేరు. సిగ్గుగా ఉందండి. ఉంది. కదిలినప్పుడల్లా కీచుమంటుంది, అందుకని మైనా. మా ఇంట్లోవాళ్ళక్కూడా తెలీదు.

నష్టం దాచకుండా రాస్తాను. సెప్టెంబరులో పంటకాలవ మలుపు దగ్గర బాతుల మందలోకి దూసుకెళ్ళింది. ప్రాణనష్టం లేదు. బాతులాయన మాత్రం ఇప్పటికీ నన్ను చూడగానే బాతుల్ని లెక్కపెట్టుకుంటాడు. ఒక కూరగాయల బండి ఒరిగింది. వంకాయలు ఏరి ఇస్తే రెండు ఎక్కువొచ్చేయి, ఎవరివో తేలలేదు. నా ఎడమ కాలి చెప్పు వైనతేయ ఏట్లో కలిసింది.

ఉంటానండి,
భవానీదేవి

తా.క. తమరి కవరు మీద నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. ఆఫీసు ముద్ర కాబోలని అక్కడ చింపకుండా రెండో వైపు నుంచి తెరిచేను.


అమలాపురం,
నవంబరు 10

శ్రీమతి భవానీదేవి గారికి,

తమరి జవాబును అధ్యక్షుల వారికి చదివి వినిపించితిని. ‘రోజూ వస్తుంది’ అన్నచోట కుర్చీలో వెనక్కి వాలినారు. ‘ప్రాణనష్టం లేదు’ అన్నచోట దణ్ణం పెట్టినారు. ‘రెండో శనివారం రాదు’ అన్నచోట చాలాసేపు ఆలోచనలో పడినారు. మైనా అను పేరు వారు ఎన్నడూ వినలేదట. ఈ మధ్య పేపరు సరిగా చదవనందుకు నొచ్చుకున్నారు.

ట్రస్టు గోదాములో ఎనిమిదేళ్ళుగా కట్టలు విప్పని సామగ్రి ఉన్నది. టార్పాలిన్లు ఆరు, లైఫ్ జాకెట్లు పన్నెండు, చేత్తో తిప్పు సైరను ఒకటి, మైకు గొట్టం ఒకటి, నలభై మందికి వండు గుండిగ ఒకటి. వ్యానులో పంపడమైనది. షెల్టరు తక్షణం నిలబెట్టవలెను. అందులోకి వచ్చినవారిని ఎవరినీ వెనక్కి పంపరాదు.

ఇట్లు,
నరసింహమూర్తి, కార్యదర్శి

తా.క. గుండిగ తిరిగి పంపనక్కరలేదు. ఇక్కడ ఉన్నచో పిల్లి అందులో ఈనుచున్నది.


పి.గన్నవరం,
నవంబరు 20

గుండిగ ఇచ్చిన చల్లని మనసుకి భవానీదేవి నమస్కారాలు.

సైకిలు స్టాండు అడిగితే లైఫ్ జాకెట్లు వచ్చేయి. మొదట ఏమీ అర్థం కాలేదు. చెప్పు ఏట్లో పడిపోయిందని రాసేను కదా, వెనకాలే నేనూ పడతానని అధ్యక్షుల వారికి భయం వేసిందనుకున్నాను. ఇంటివాళ్ళకే పట్టని సంగతి ట్రస్టుకి పట్టిందని కళ్ళు చెమ్మగిల్లేయి. ఆ మాట మీద గౌరవంతో రోజూ ఒక జాకెట్ వేసుకుని సైకిలెక్కుతున్నాను. చలికి స్వెట్టరు కంటే నయంగా ఉంది. వంతెన మీద మంచులో ఒకాయన మోటారుసైకిలు ఆపి, పడవ ఎక్కడ మునిగిందమ్మా అని అడిగేరు. మునగలేదండి, గన్నవరం లైబ్రరీకి వెళ్తున్నానన్నాను. ఇంకా ఎక్కువ కంగారుపడ్డారు.

టార్పాలిన్లని మా వీరలక్ష్మి కొబ్బరి దుంగలకి కట్టించింది. మందిరం ఊడ్చి తుడిచే మనిషి గానీ, నిజానికి శాఖ నడిపేది తనే. మొదటి వానకి పదకొండు సైకిళ్ళు ఆగేయి. రెండో వానకి పదిహేడు. పరీక్షలకి చదివే కావ్య అనే అమ్మాయి ఐదుగురు స్నేహితురాళ్ళని తీసుకొచ్చింది. వెళ్ళేటప్పుడు సీట్లు పొడిగా ఉండటం చూసి వాళ్ళు మళ్ళీ లోపలికొచ్చి ఇంకో గంట చదివేరు. గుండిగలో వీరలక్ష్మి అల్లం టీ కాస్తోంది. సైరనుతో ఒంటి గంటకి మా నిద్రపోయే పాఠకుణ్ణి లేపుతున్నాం.

ఇదంతా నేను అడిగినదానికంటే చాలా ఎక్కువ. ఎక్కువ దొరికినప్పుడల్లా ఎక్కడో పొరపాటు జరిగిందేమోనని నాకు అనుమానం. మా ఆయన దీన్ని జబ్బంటారు.

కృతజ్ఞతలతో,
భవానీదేవి

తా.క. ఆ నిద్రపోయే ఆయన పేరు శ్రీరాములు గారు. సైరను మోగితే లేచి నిలబడి, ఏ ఊరొచ్చిందని అడిగేరు.


అమలాపురం,
డిసెంబరు 1

శ్రీమతి భవానీదేవి గారికి,

తమరి ఉత్తరం అధ్యక్షుల వారికి వినిపించితిని. తమరు ‘సైకిలు స్టాండు’ అని వాడుకలో రాసినచోట ఫైలులో ఒక్క మాట సవరించుకొని చదివితిని.

ఈ నెల 12న ఉదయం పది గంటలకు అధ్యక్షుల వారు స్వయంగా వచ్చి షెల్టరును ప్రారంభించెదరు. బ్యానరు బస్సులో పంపడమైనది. సైరను మోగగానే జనం లోపలికి చేరవలెను. తలలు లెక్కించబడును. ఇరవైకి తగ్గరాదు. శాఖ ఉండుటా మూయుటా ఆ లెక్క మీదనే తేలును.

ఇట్లు,
నరసింహమూర్తి, కార్యదర్శి

తా.క. ఆ రోజు మైనా వచ్చునా అని అధ్యక్షుల వారు అడిగినారు. తప్పక వచ్చును, తొమ్మిదికల్లా చేరునని చెప్పితిని. ధైర్యవంతులు. ప్రయాణం మానుకోలేదు.


పి.గన్నవరం,
డిసెంబరు 6

కార్యదర్శి గారికి, తల ఎత్తుకోలేకుండా భవానీదేవి రాసేది.

బ్యానరు నిన్న చేరింది. కావ్యా వీరలక్ష్మీ చెరో కొసా పట్టుకుని విప్పేరు. ‘తుఫాను షెల్టరు ప్రారంభోత్సవం’ అని ఉంది. కింద ఇంకా పెద్ద అక్షరాల్లో ‘మైనాను ఎదిరించిన పి.గన్నవరం’. వీరలక్ష్మికి చదువు రాదు. కావ్య చదివి చెబితే, స్టాండు వేసి ఉన్న నా సైకిలు వంక చూసి, “దీన్నెదిరించడానికి ఊరంతా ఎందుకమ్మా, నేనొక్కదాన్నీ చాలనూ” అంది.

నాకప్పటికి వెలిగింది. సైకిలును. సైక్లోను. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాసి నిన్నటినుంచీ చూస్తున్నాను. తెలుగు ఎమ్మే చదువుకున్నానండి నేను. ద్వితీయా విభక్తి ఇంత పని చేస్తుందని ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. నిజం చెబితే టార్పాలిన్లు వెనక్కి పోతాయి, సీట్లు తడుస్తాయి, శాఖ మూతపడుతుంది. చెప్పకపోతే మంది ఇరవై దాటుతారు గానీ, ఆ ఇరవై మందినీ నేను అబద్ధం మీద కూర్చోబెట్టినట్టవుతుంది. మొన్నటిదాకా తెలియక చేసినది. ఇవాళ్టినుంచి తెలిసి ఊరుకున్నది. రెంటికీ తేడా ఒక్క రోజేగా అని సర్దిచెప్పుకుందామని చూసేను. కుదరలేదు. దయచేసి అధ్యక్షుల వారికి తమరే చెప్పెయ్యండి.

ఇట్లు,
భవానీదేవి

తా.క. నేను వేసుకున్న లైఫ్ జాకెట్ ఉతికి ఆరేసేను. ఈ వానకి ఆరడం లేదు.


అమలాపురం,
డిసెంబరు 9

శ్రీమతి భవానీదేవి గారికి,

తమరి 6వ తేదీ ఉత్తరం చేరినది. దారిలో పూర్తిగా తడిసి, ఒక్క అక్షరమైనా కనబడకున్నది. సంతకం మాత్రం మిగిలినది. కనుక అందులో ఏమున్నదో ఈ కార్యాలయమునకు తెలియదు. మూడో పేరాలో తమరు పడిన మథనం అనవసరం. కార్యక్రమం యథాతథం.

ఇట్లు,
నరసింహమూర్తి, కార్యదర్శి

తా.క. జాకెట్‌ను నీడన ఆరవేయవలెను. ఎండకు రంగు పోవును.


పి.గన్నవరం,
డిసెంబరు 13

చెరిగిపోయిన ఉత్తరంలో మూడో పేరా చదవగలిగిన కళ్ళకి భవానీదేవి నమస్కారాలు.

నిన్నటి సంగతి మొత్తం రాస్తాను. అల్పపీడనమట, తెల్లారేసరికి వాన. జాకెట్టూ, దాని మీద మా ఆయన మంకీ టోపీ పెట్టుకుని బయల్దేరేను. అక్విడెక్టు మీద ఎదురుగాలి. దిగి నడిపించుకుంటూ వస్తూ, ఈ వానకి ఎవరూ రారు, లెక్క ఇరవై అవదు, నేను చెప్పవలసిన అవసరమూ రాదు అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. అంతలో వెనకాల బెల్లు. కావ్య. దాని వెనకాల ఇంకో బెల్లు. ట్యుటోరియల్ పిల్లలంతా వరసగా తడుస్తూ, పాటలు పాడుకుంటూ. ఎందుకొచ్చేరే ఈ వానలో అంటే, “అక్కడ సీట్లు తడవవు కదండీ” అంది. వంతెన దిగే ఏటవాలులో అందరం ఒక్కసారి పెడలు వదిలేసేం. ఆ దిగుడులో నాకు నలభై నాలుగేళ్ళు లేవండి. చెప్పవలసిందేదో ధైర్యంగా చెప్పేద్దాం అని అక్కడే అనుకున్నాను.

తొమ్మిదింటికి ముప్పై ఒక్క సైకిళ్ళు. తొమ్మిదిన్నరకి వాన ముదిరింది. వెనక పొలంలో కోతకి దిగిన ఆడవాళ్ళు కొడవళ్ళతో సహా పరిగెత్తుకొచ్చి టార్పాలిన్ల కిందకి చేరేరు. ఎవరినీ వెనక్కి పంపరాదని తమరు రాసేరు కదా, పంపలేదు. వీరలక్ష్మి గుండిగలో ఉప్మా కలిపింది.

పదింటికి ప్రకాశరావు గారు నడిచొచ్చేరు. కారు మలుపులో బురదలో దిగబడిందట. నిలువెల్లా తడిసి ఉన్నారు. తువ్వాలిచ్చేను, చలికి వణుకుతుంటే ఒక లైఫ్ జాకెట్ ఇచ్చేను. తొడుక్కుని, వేడిగా ఉందే అన్నారు. శ్రీరాములు గారు సైరను తిప్పేరు. తలలు లెక్కపెడితే యాభై మూడు.

అప్పుడు చెప్పేసేను. బ్యానరు కింద, అందరి ముందూ. “అయ్యా, నేనడిగింది తుఫానుకి కాదండి, సైకిలుకి. మైనా అంటే ఇదేనండి.”

ఉప్మా తినేవాళ్ళు కూడా ఆపేసేరు. ప్రకాశరావు గారు మైనా చుట్టూ ఒకసారి తిరిగేరు. బెల్లు కొట్టి చూసేరు. తర్వాత మైకు గొట్టం అందుకుని, “ఈవిడ వినయం చూడండి. అంత తుఫానునీ పట్టుకుని సైకిలంటోంది” అన్నారు. అందరూ చప్పట్లు. నేను మళ్ళీ నోరు తెరవబోతే, వీరలక్ష్మి ఆయన చేతిలో ఉప్మా ప్లేటు పెట్టింది. తింటూనే, ఇలాంటి చోటు మూయడమేమిటి, ఈ శాఖ ఉంటుంది, ఈ షెల్టరూ ఉంటుంది అని చెప్పేరు.

ఆయనకి అర్థం కాలేదో, అర్థమయ్యే అలా అన్నారో నాకు తేలడం లేదు. వెళ్ళేటప్పుడు మాత్రం మైనా సీటు మీద అరచెయ్యి వేసి చూసి, “ఆయ్, పొడిగానే ఉంది” అన్నారు.

నేను నిజం చెప్పినట్టేనంటారా?

ఇట్లు,
భవానీదేవి

తా.క. సైరను తిప్పిన ఊపుకి శ్రీరాములు గారికి నిద్ర వదిలిపోయింది. ఇవాళ మొదటిసారి పుస్తకం అడిగేరు. పదహారేళ్ళలో పుస్తకం ముందు ఆయన కళ్ళు తెరిచి ఉండగా చూడటం నాకిదే మొదలు.


అమలాపురం,
డిసెంబరు 20

అమ్మా భవానీదేవీ,

ఇది ఆఫీసు కాయితం కాదు, అందుకని ‘వలెను’లు ఉండవు. చెప్పేరండి, శుభ్రంగా చెప్పేరు. ఇప్పుడు నేను చెప్పాలి.

నిబంధనల పుస్తకంలో ఇరవై రెండోది చూడండి. సిబ్బంది, పాఠకుల వాహనాలకి ట్రస్టు నీడ కల్పించదు. వ్యవస్థాపకుల రోజుల్లో ఎవరో గుర్రబ్బండి తెచ్చి వరండాలో కట్టేస్తే, గుర్రం రెండు పుస్తకాలు తినేసిందట. ఆ కోపం ఇప్పటికీ అమల్లో ఉంది. తమరి విన్నపం చూడగానే ఇది ఆ నిబంధన దాటదని తెలిసిపోయింది.

ఉత్తరం పొడిగా, పెళపెళలాడుతూ వచ్చింది. మూడు కవర్లూ వాటి పని అవి చేసేయి. నేను అప్పుడే వానలోంచి ఆఫీసుకొచ్చి, తడి రెయిన్‌కోటుతోనే టపా విప్పేను. చేతి కొసనుంచి ఒక చుక్క జారి ‘సైకిలును’లో సరిగ్గా ‘కి’ మీద పడింది. అది దేవుడు వేసేడు. రెండో చుక్క ‘లు’ మీద పడింది. అది నేను వేసేను.

ఆ కాయితం అధ్యక్షుల వారి ముందు పెట్టి, ఈ మాట కనబడడం లేదండి అన్నాను. కనబడడం లేదన్నది నిజమే. నేనడిగిన ఆరు ప్రశ్నలూ కూడా సైకిలు తొక్కేవాళ్ళు ఎవరైనా ఒట్టేసి జవాబు చెప్పగలిగినవే. ముందు నా సైకిలుకి రాసుకుని సరిచూసుకున్నాకే తమరికి పంపేను. అవునండి, ముప్పై ఏళ్ళుగా అల్లవరం నుంచి వానకీ చలికీ సైకిలు మీదే వస్తున్నాను. కవరు మీద నల్లముద్ర ఆఫీసుది కాదు, నా సైకిలు చైనుది. ఇక ఫైలులో ఒక మాట సవరించడం, తమరి ఉత్తరం చెరిగిపోయిందనడం, ఆ రెండూ నా ఖాతాలోవే. తమరు మోయక్కరలేదు.

అధ్యక్షుల వారికి ఎంతవరకు తెలుసో నేను అడగలేదు. పి.గన్నవరం నుంచి తిరిగొచ్చిన మర్నాడు మాత్రం నా బల్ల దగ్గర ఆగి, “నరసింహమూర్తీ, నీది ఏ దిక్కునుంచి వస్తుందోయ్” అన్నారు. దక్షిణం నుంచండి అన్నాను. ప్రాణనష్టం లేదు కదా అని నవ్వుకుంటూ వెళ్ళిపోయేరు.

ఈ ముప్పై ఒకటిన రిటైరవుతున్నాను. జనవరిలో ఒక రోజు మీ దగ్గరికి పాఠకుడిగా వద్దామని ఉంది. దూరమే, కానీ ఇకమీదట తొందరేముంది. మైనా పక్కన కాస్త చోటు ఉంచండి. నాదానికీ ఒక పేరుంది. అది ఎదురుగా చెప్తాను.

మీ తోటి ప్రయాణికుడు,
నరసింహమూర్తి

తా.క. ఇక్కడ హెడ్డాఫీసులో ‘సైకిలు స్టాండు’ కావాలని నేను చేరిన ఏడాదే ఒక విన్నపం పెట్టేను. ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క చుక్క పడకుండా రాసేను. ఇప్పటికీ పరిశీలనలో ఉంది.